ఆదివారం సాయంత్రం డాన్సు: నెల్లూరులో మమ్మల్ని మళ్ళీ మళ్ళీ అడుగుతున్న ప్రశ్నలు

నెల్లూరులో ప్రతి ఆదివారం సాయంత్రం ఐదున్నరకి మేం కొంతమందిమి ఒక స్కూలు కింది హాల్లో కలిసి డాన్సు చేస్తాం. వయసు, చదువు, ఒంటి తీరు, మతం, ఆడామగా, దేనికీ అడ్డు లేదు. రెండేళ్ళుగా ఫోన్లో, వాట్సాప్‌లో అవే సందేహాలు తిరిగి తిరిగి వస్తున్నాయి. ఒక్కొక్కరికీ టైప్ చేసి చేసి బొటనవేలు నొప్పి పుట్టి, అన్నీ ఒకచోట రాశాను. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా పోవచ్చు, మిగతావి చదవకపోయినా నష్టం లేదు.

నేను డాక్టర్ని కాదు, డాన్సు మాస్టర్నీ కాదు. ఆఫీసులో లెక్కలు రాసుకునే మనిషిని. మా అమ్మ కోవూరు పక్క పల్లెలో కోలాటం వేయించేది. ఈ విషయంలో నాకున్న మొదటి చదువు అదే.

## రాకముందు

నాకు డాన్సు అస్సలు రాదు. పెళ్ళిళ్ళలో కూడా కుర్చీ వదలను. నేను రావచ్చా?

రావచ్చు. వచ్చేవాళ్ళలో సగం మంది ఈ మాటే చెప్పి వచ్చారు. మా దగ్గర నేర్పి అప్పజెప్పించుకునే అడుగులు లేవు. డప్పు మోగితే మీ కాలి బొటనవేలు నేల మీద తట్టినా చాలు, దాన్నే కాస్త పెద్దది చేసుకుంటూ పోతాం.

నిజం చెప్పాలంటే బాగా నేర్చుకుని వచ్చినవాళ్ళకే మొదట్లో కష్టం. అరంగేట్రం చేసిన ఒక అమ్మాయి మూడు వారాలు ముద్రలు వదల్లేకపోయింది. "తప్పు చేస్తున్నానేమో అని టెన్షన్ అక్కా" అనేది. ఇక్కడ తప్పు అనేది ఉండదని ఆ పిల్ల చేతులకి నమ్మకం కుదరడానికి నెల పట్టింది.

అసలు అక్కడ చేసేది ఏంది? కోలాటమా, జుంబానా, సినిమా డాన్సా?

మూడూ కాదు, కోలాటానికి కొంచెం దగ్గర. మొత్తం గంటన్నర. మొదటి పది నిమిషాలు అందరూ కుర్చీల్లోనే కూర్చుంటారు, నడవగలిగినవాళ్ళు కూడా. భుజాలు, మణికట్లు, మెడ, వేళ్ళు మెల్లగా కదిలిస్తాం. తర్వాత గుండ్రంగా చేరి ఒక్కొక్కరూ పేరు చెప్పి ఆ రోజు ఎట్లా ఉన్నారో ఒక కదలికతో చూపిస్తారు. మాట అక్కర్లేదు. పోయిన వారం ఒకాయన పేరు చెప్పి, నెత్తి మీద మూట దించినట్టు చేసి, చేతులు దులుపుకున్నాడు. హాలంతా అదే కదలికని ఆయనకి తిరిగి చేసి చూపించింది. ఆయన నవ్వాడు. మూటలో ఏముందో ఎవరూ అడగలేదు.

ఆ తర్వాత కోలలు. ఒక కోపు, అంటే కోలాటంలో ఒక ఆట తీరు, తీసుకుని చాలా నిదానంగా మొదలుపెడతాం. నిలబడలేనివాళ్ళు కూర్చునే కోల అందిస్తారు, తిరిగేవాళ్ళు వాళ్ళ దగ్గరికి వచ్చి కొట్టి పోతారు. వేగం ఎప్పుడూ అందరికంటే నిదానంగా కదిలే మనిషిదే. ఈ ఒక్క నియమం మీదే మిగతాదంతా నడుస్తోంది.

చివరి అరగంటలో ఎవరి ఇష్టం వాళ్ళది. కొందరు కళ్ళు మూసుకుని ఊగుతారు, పిల్లలు పరిగెత్తుతారు, ఒక ముసలాయన కిటికీ దగ్గర నిలబడి చేతులు మాత్రం ఆడిస్తాడు. తర్వాత మంచినీళ్ళు, వేయించిన వేరుశనక్కాయలు, ఇళ్ళకి.

దీనివల్ల డిప్రెషన్ నిజంగా తగ్గుతుందా? లేక ఊరికే చెప్పుకునే మాటా?

ఊరికే మాట కాదు, అట్లాగని గ్యారంటీ కూడా లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో కళలకీ ఆరోగ్యానికీ ఉన్న సంబంధం మీద 3,000కు పైగా అధ్యయనాలను సమీక్షించి, మేలు జరుగుతున్న దాఖలాలు ఉన్నాయని చెప్పింది. 2024లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో డిప్రెషన్‌కి వ్యాయామం ఎంత పనిచేస్తుందో తేల్చడానికి 218 అధ్యయనాలు, 14,170 మంది వివరాలు కలిపి చూశారు. అన్నిటికంటే ఎక్కువ తగ్గుదల డాన్సులోనే కనిపించింది.

వాట్సాప్‌లో తిరిగేది ఇంతవరకే. ఆ లెక్కలో డాన్సు చేసినవాళ్ళు 107 మందే. అంత తక్కువ మందిని చూసి "మందు కంటే డాన్సే మేలు" అనడం తొందరపాటు. నా మటుకు నేను, డాక్టరు చూపే దారికి ఇది ఒక చేదోడు అంటాను. అంతకు మించి ఎవరైనా చెప్తే నమ్మకండి, మా బృందంలో వాళ్ళు చెప్పినా సరే.

డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. డాన్సుకి వస్తే మానెయ్యొచ్చా?

మానొద్దు. తగ్గించాలన్నా ఆపాలన్నా ఆ మందు రాసిన డాక్టరే చెప్పాలి. ఉన్నట్టుండి ఆపితే కొన్ని మందులకి తల తిరగడం, నిద్ర పట్టకపోవడం, చిరాకు మొదలవుతాయి. దాన్ని చూసి జబ్బు తిరగబెట్టిందని హడలిపోతారు.

ఇంకో సంగతి మన ఊరి ఎండ గురించి. లిథియం వాడేవాళ్ళకి ఒంట్లో నీరు తగ్గితే రక్తంలో ఆ మందు మోతాదు పెరిగి ప్రమాదం కావచ్చు. మతిభ్రమకి వాడే కొన్ని మందులు ఒంటికి వేడి తట్టుకునే శక్తిని తగ్గిస్తాయి. "వారానికోసారి చెమట పట్టేట్టు కదులుతాను" అని డాక్టరుకి ముందే చెప్పండి. ఏ మందో మాకు చెప్పనక్కర్లేదు. "నాకు తరచూ నీళ్ళు కావాలి" అంటే చాలు.

అయితే ఇది డాన్స్ థెరపీ కాదా?

కాదు. డాన్స్ థెరపీ అనేది వైద్యంలో వేరే శాఖ. అమెరికాలో మేరియన్ చేస్ అనే నర్తకి 1942లో వాషింగ్టన్‌లోని సెయింట్ ఎలిజబెత్స్ మానసిక వైద్యశాలలో రోగులతో పని మొదలుపెట్టారు. అక్కడి డాన్స్ థెరపిస్టుల సంఘం 1966లో ఏర్పడింది. మన దేశంలో కోల్‌కతా సంవేద్ అనే సంస్థ 2004 నుంచి, అక్రమ రవాణా బారిన పడి బయటపడ్డ ఆడవాళ్ళతో ఈ పద్ధతిలో పనిచేస్తోంది. వాళ్ళకి శిక్షణ ఉంటుంది. ఒక్కో మనిషికి ఏం లక్ష్యమో రాసుకుంటారు, మార్పు గమనిస్తారు. మేం కలిసి ఆడుకునేవాళ్ళం మాత్రమే. మనసు తేలికపడితే సంతోషం, కానీ వైద్యం చేస్తున్నామని చెప్పుకోం.

ఇంట్లో ఒప్పుకోవడం లేదు. "నలుగురిలో ఎగరడం ఏంది, పరువు పోతుంది" అంటున్నారు. ఏం చెప్పాలి?

అన్నిటికంటే ఎక్కువసార్లు వచ్చే ప్రశ్న ఇదే, అడిగేవాళ్ళందరూ ఆడవాళ్ళే. కాబట్టి కాస్త పెద్ద జవాబు.

ఈ జంకుకి కారణం ఉంది. మన జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉన్న రోజుల్లో నలుగురి ముందు నాట్యం చేసే ఆడమనిషి అంటే భోగం మేళమే అనుకునేవాళ్ళు. ఆ కళాకారిణులని సంఘం ఒకవైపు చూసి ఆనందించి ఇంకోవైపు చులకన చేసింది. దేవాలయాలకి ఆడపిల్లలని అంకితం చేయడాన్ని 1947లో చట్టం ఆపింది, చులకన చూపు మాత్రం మిగిలింది. దాని మీద తిరునాళ్ళలో రికార్డింగ్ డాన్సులు వచ్చి పడ్డాయి. ఇప్పుడు "డాన్సు" అనగానే పెద్దవాళ్ళ కళ్ళ ముందు మెదిలేది ఆ స్టేజీ, ఆ ఈలలు.

కానీ ఆ పెద్దవాళ్ళే సంక్రాంతికి గొబ్బి తట్టినవాళ్ళు. రాములవారి ఊరేగింపు ముందు కోలాటం వేసినవాళ్ళు. మా అత్త సంగతే చెప్తాను. మొదటి ఆరు నెలలు నేను ఆదివారం బయల్దేరితే మొహం తిప్పుకునేది. ఒకరోజు ఇంట్లో కోలలు చూసి, "ఇట్లా పట్టుకుంటే చిటికెన వేలు నలిగిపోతుందమ్మాయ్" అని తనే పట్టుకుని చూపించింది. డెబ్భై రెండేళ్ళ మనిషి, మోకాళ్ళు అరిగిపోయి ఉన్నాయి. మణికట్టు మాత్రం చేప తిరిగినట్టు తిరిగింది. ఇప్పటికీ హాలుకి రాదు. ఆదివారం నాలుగింటికే నా కాఫీ కలిపి పెడుతుంది.

కాబట్టి ఇంట్లో "డాన్సు" అనకండి, "కోలాటం" అనండి. అబద్ధం కాదు కదా. వీలైతే మొదటి రోజు ఇంట్లోవాళ్ళనే వెంట తీసుకురండి. వచ్చి చూసినవాళ్ళు ఎవరూ ఇంతవరకు అభ్యంతరం చెప్పలేదు.

ఇంకొకటి. ఆడవాళ్ళు సాయంత్రం పూట ఒకచోట చేరడం ఈ జిల్లాకి కొత్త కాదు. 1990ల మొదట్లో దూబగుంటలో రాత్రిబడికి చేరి అక్షరాలు దిద్దిన ఆడవాళ్ళే సారా దుకాణాలు మూయించడానికి వెళ్ళారు. అప్పుడూ పరువు పోతుంది అన్నవాళ్ళు ఉండే ఉంటారు.

ఫీజు ఎంత?

లేదు. గుమ్మం పక్కన ఒక డబ్బా ఉంటుంది. ఇష్టమైనవాళ్ళు వేస్తారు. ఎవరు వేశారో, ఎంత వేశారో చూడం. ఆ డబ్బు హాలు కరెంటుకి, డప్పు మాస్టారికి.

చీరలో రావచ్చా? బుర్ఖాలో?

రావచ్చు. కాలికి అడ్డం పడకుండా ఉంటే ఏదైనా సరే. చీరైతే కుచ్చిళ్ళు కాస్త పైకి దోపుకోండి, బుర్ఖా అయితే అంచు పొడవు చూసుకోండి. గాజు గాజులు తీసి రండి, కోల తగిలి పగిలిన రోజులున్నాయి.

## ఒంటి ఇబ్బందులు ఉన్నవాళ్ళు అడిగేవి

వీల్‌చెయిర్లో వస్తాను. ఒక మూల కూర్చోబెట్టి చప్పట్లు కొట్టమంటారా?

లేదు. మొదట్లో మేం దానికి సరిగ్గా వ్యతిరేకమైన తప్పు చేశాం, అదీ చెప్తాను. చిన్నప్పుడు పోలియో వచ్చిన ఒకాయన చక్రాల కుర్చీలో వస్తే, గౌరవమనుకుని ఆయన్ని వలయం మధ్యలో పెట్టి మేమంతా చుట్టూ తిరిగాం. పాట అయ్యాక ఆయన నెమ్మదిగా, "నేనేమన్నా ఉత్సవ విగ్రహమా తల్లీ, చుట్టూ ప్రదక్షిణ చేస్తున్నారు?" అన్నారు. అందరం తలొంచుకున్నాం. ఆ వారం నుంచి ఆయన వలయంలోనే ఉంటారు. కుర్చీ తిప్పడానికి చోటు కావాలని మనిషికీ మనిషికీ మధ్య రెండు బారల దూరం పెట్టాం. కుర్చీ చక్రం తిప్పే ఆ భుజం విసురునే ఇప్పుడు మాలో సగం మంది అనుకరిస్తారు.

హాలు కింది అంతస్తులోనే ఉంది, గుమ్మం దగ్గర వాలుబల్ల వేశాం. బాత్రూం తలుపు మాత్రం ఇరుకు. అది ఇంకా సరికాలేదు, ముందే చెప్పడం మంచిది. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. మన ఊళ్ళో తలుపుల వెడల్పు చూస్తే ఆ సంగతి కట్టినవాళ్ళకి ఇంకా తెలిసినట్టు లేదు.

మా బాబుకి ఆటిజం. గట్టి శబ్దం వింటే చెవులు మూసుకుని పారిపోతాడు. తీసుకురావచ్చా?

తీసుకురండి, కానీ మొదటిసారి ఐదు గంటలకే, హాలు ఖాళీగా ఉన్నప్పుడు. నేల, ఫ్యాన్లు, కిటికీలు, డప్పు అన్నీ వాడి కళ్ళు చూసుకోనివ్వండి. మేం స్పీకర్లు వాడం. డప్పు మాస్టారు మొదటి అరగంట అరచేత్తోనే కొడతారు. వాడు బయటికి పోవాలనుకుంటే పోవచ్చు, మళ్ళీ రావచ్చు, తలుపు తీసే ఉంటుంది. అన్నిసార్లు వెళ్ళొచ్చినా ఎవరూ తిరిగి చూడరు.

ఆటిజం ఉన్న ఒక బాబు రెండు చేతులూ మొహం పక్కన టపటపా ఆడిస్తుంటే వాళ్ళమ్మ ఆపబోయింది. ఆపొద్దన్నాం. వలయమంతా అదే చేసింది. వాడు ఆగి, అందరినీ ఒక చుట్టు చూసి, మళ్ళీ మొదలుపెట్టాడు. ఆ రోజు నడిపించింది వాడే.

మా అమ్మాయికి వినపడదు. తాళం ఎట్లా తెలుస్తుంది?

డప్పుకి దగ్గరగా నిలబెట్టండి, పొట్ట మీద అదురు తెలుస్తుంది. ఊదిన బెలూన్ రెండు చేతులతో పట్టుకుంటే ఇంకా బాగా తెలుస్తుంది. ఖర్చు రెండు రూపాయలు. సిమెంటు నేల అదురుని కాళ్ళకి అందించదు కాబట్టి ఈ ఉపాయం. ఆపడానికి, మొదలుపెట్టడానికి చేతి గుర్తులు అందరికీ నేర్పాం, కాబట్టి ఆమెకి వేరే భాష, మాకు వేరే భాష అనేది లేదు.

మా నాన్నకి పార్కిన్సన్స్. నడుస్తూ నడుస్తూ కాళ్ళు అతుక్కుపోతాయి. పడిపోరా?

ఆ భయం న్యాయమే. అందుకే మొదటి కొన్ని వారాలు కుర్చీలోనే, పక్కన మీరు ఉండాలి. ఈ జబ్బులో అడుగు మొదలుపెట్టే ఆజ్ఞ లోపల నుంచి సరిగ్గా అందదు. బయట నుంచి తాళం వినిపించినా, నేల మీద గీత కనిపించినా కాలు లేవడం చాలామందిలో సులువవుతుంది. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌లో మార్క్ మోరిస్ డాన్స్ బృందం 2001లోనే పార్కిన్సన్స్ ఉన్నవాళ్ళకి తరగతులు మొదలుపెట్టింది. ఆ తరహా తరగతులు ఇప్పుడు చాలా దేశాల్లో ఉన్నాయి.

మేం నేల మీద సుద్దతో అడ్డగీతలు గీస్తాం. మార్కాపురం పలకల మీద రాసుకున్న సుద్దే. మందు వేసుకున్నాక ఒళ్ళు తేలిగ్గా ఉండే సమయం ఆయనకి ఎప్పుడో చూసి, దానికి తగ్గట్టు వచ్చే టైము పెట్టుకోండి. మొత్తం గంటన్నర ఉండనక్కర్లేదు.

మాది కనిగిరి వైపు. అమ్మకి ఫ్లోరైడ్ నీళ్ళతో నడుం, మెడ బిగుసుకుపోయాయి. కదిలితే మంచిదేనా?

బిగుసుకున్న చోట బలవంతంగా వంచకూడదు. ఫ్లోరోసిస్‌లో ఎముక చూడ్డానికి గట్టిపడినా పెళుసుగా ఉంటుంది, వెన్నులో నరాలు నొక్కుకుపోయి ఉండొచ్చు. గెంతడం, నడుం తిప్పడం వద్దు. కాళ్ళు తిమ్మిర్లెక్కుతున్నా, పట్టు తప్పుతున్నా ముందు డాక్టరుకి చూపించండి. డాక్టరు సరేనంటే కుర్చీలో కూర్చుని ముంజేతులు, వేళ్ళు, మడమలు, మొహం. నొప్పి మొదలయ్యే చోటికి ఒక బెత్తెడు ముందే ఆగాలి.

పడమటి ప్రకాశం నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ మెడ తిప్పలేదు. కళ్ళతో, కనుబొమలతో పాటంతా ఆడుతుంది. మా అందరి కంటే బాగా.

షుగరు, బీపీ ఉన్నాయి.

ఏమీ తినకుండా రావొద్దు, జేబులో చక్కెర బిళ్ళ ఉంచుకోండి. అరికాళ్ళలో స్పర్శ తగ్గినవాళ్ళు ఉత్త కాళ్ళతో ఆడొద్దు, మెత్తటి బూట్లు వేసుకోండి. ఛాతీలో నొప్పి, ఆయాసం ఉన్నవాళ్ళు ముందు గుండె పరీక్ష చేయించుకోండి.

నేను ట్రాన్స్‌జెండర్ని. ఆడవాళ్ళ వరసా, మగవాళ్ళ వరసా?

వరసలు లేవు, ఒకటే వలయం. పేరు మీరు ఏది చెప్తే అదే. ఎవరైనా వెకిలిగా మాట్లాడితే బయటికి పంపుతాం. ఇప్పటికి ఒక్కరినే పంపాల్సి వచ్చింది.

## మొదటి రోజు

అందరూ నన్నే చూస్తారేమో అని సిగ్గు. ఎవరైనా వీడియో తీస్తారా?

తీయరు. ఫోన్లన్నీ గుమ్మం దగ్గర బియ్యం బస్తా సంచిలో వేయాలి. అర్జంటు కాల్ వచ్చేవాళ్ళు ముందే చెప్తే ఒకరు చూసుకుంటారు. హాల్లో అద్దాలు లేవు, ఒక బీరువా అద్దం ఉంటే దుప్పటి కప్పాం. ప్రేక్షకులుగా కూర్చోవడానికి ఎవరినీ రానివ్వం. తోడుగా వచ్చినవాళ్ళు కూడా కుర్చీలో కూర్చుని చేతులైనా కదపాలి. అందరూ పనిలో ఉంటే చూసేందుకు ఎవరికి తీరిక?

డప్పు ఎందుకండీ? అది చావుకి కొట్టేది కదా.

ఈ మాట మెత్తగా అడిగినవాళ్ళున్నారు, ముక్కు చిట్లించి అడిగినవాళ్ళున్నారు. డప్పు పెళ్ళికీ మోగుతుంది, జాతరకీ మోగుతుంది, పులివేషానికీ మోగుతుంది. "చావు" అన్న మాట వెనక ఉన్నది కులం అని అడిగేవాళ్ళకీ తెలుసు.

మా డప్పు మాస్టారు చర్మం డప్పుని ముందు ఎండుగడ్డి మంట మీద కాచి, వేలితో తట్టి, చెవి దగ్గర పెట్టుకుని విని, చాలదనుకుంటే మళ్ళీ కాస్తారు. కుడి చేతిలో సిర్ర అనే కర్ర, ఎడమ చేతిలో చిటికెన పుల్ల. కొత్తగా వచ్చిన ప్రతి ఒక్కరూ మొదటి రోజు ఆ డప్పు భుజానికి తగిలించుకుని నాలుగు దెబ్బలు కొట్టాలి, ఆయన్ని "మాస్టారూ" అనే పిలవాలి. ఇది ఇష్టం లేనివాళ్ళు ఇద్దరు వెళ్ళిపోయారు. మేం బతిమాలలేదు.

మేం ముస్లింలం. దేవుడి పాటలు పెడతారా?

ఎక్కువ భాగం డప్పు, చప్పట్లు మాత్రమే, మాటలు ఉండవు. పాట పాడాలనిపించినవాళ్ళు పాడతారు: ఊడ్పు పాటలు, లాలి పాటలు, ఒకసారి ఒక అక్క ఉర్దూలో పెళ్ళి పాట అందుకుంది. భక్తి పాట వస్తే ఇష్టం లేనివాళ్ళు ఆ కాసేపు మంచినీళ్ళ దగ్గరికి వెళ్తారు. అది తప్పుగా అనుకోం. బారాషహీద్ దర్గా దగ్గర స్వర్ణాల చెరువులో దిగి ఎవరి చేతి రొట్టె ఎవరు తీసుకుంటున్నారో చూడని ఊరు మనది. పల్లెల్లో పీర్ల గుండం చుట్టూ తిరిగేవాళ్ళూ అన్ని ఇళ్ళవాళ్ళే.

పక్కవాళ్ళ చెయ్యి పట్టుకోవాలా? నాకు ఎవరైనా తాకితే ఒళ్ళు జలదరిస్తుంది.

అక్కర్లేదు. చేతులు కలపాల్సిన చోట కండువా ఉంటుంది, ఒక కొస మీరు, ఒక కొస వాళ్ళు. కండువా కూడా వద్దనుకుంటే చేతులు కట్టుకుని నిలబడండి, అది "నన్ను తాకొద్దు" అన్న గుర్తు. కారణం ఎవరూ అడగరు. ఈ గుర్తు పెట్టుకున్నాక కొత్త ఆడపిల్లల రాక పెరిగింది.

మధ్యలో ఏడుపు వస్తే?

వస్తుంది. చాలామందికి మూడోవారమో నాలుగోవారమో వస్తుంది, అదీ హుషారైన తాళం మధ్యలో. బిగబట్టిన భుజాలు వదులైనప్పుడు వాటితో పాటు ఇంకేదో కూడా వదులవుతుందేమో, ఎందుకో నేను చెప్పలేను.

మేం చేసేది చాలా తక్కువ. ఒకరు వెళ్ళి పక్కన కూర్చుంటారు, మాట్లాడరు. "ఊరుకో, ఊరుకో" అనడం మా దగ్గర నిషేధం, ఆ రెండు మాటలు మానడానికి నాకే చాలాకాలం పట్టింది. వలయం ఆగదు. ఏడ్చే మనిషి కోసం అందరూ ఆట ఆపితే, ఆ మనిషికి ఏడుపు మీద ఇంకో భారం. పోయిన ఏడాది కొడుకుని పోగొట్టుకున్న ఒకావిడ కూర్చుని ఏడుస్తూనే కాలితో తాళం వేసింది. గంటన్నరా వేసింది. వెళ్ళేటప్పుడు చెప్పులు వేసుకుంటూ, "వచ్చే వారం ఐదున్నరకేనా?" అని అడిగింది.

ఊపిరి ఆడకపోయినా, చేతులు కొంకర్లు పోతున్నా, జరిగిన ఘోరం కళ్ళ ముందు మళ్ళీ జరుగుతున్నట్టు అనిపించినా వెంటనే ఆపి కూర్చోండి. పాదాలు రెండూ నేలకి ఆనించి, చల్లటి గ్లాసు చేత్తో పట్టుకోండి. అట్లా మళ్ళీ మళ్ళీ అవుతుంటే మానసిక వైద్యులని కలవాలి.

## కొన్ని వారాలయ్యాక

నెల నుంచి వస్తున్నా. ఏమీ తేడా లేదు. మానెయ్యనా?

తేడా ఎక్కడ వెతుకుతున్నారో చూసుకోండి. సంతోషం ఒక్కసారిగా రాదు. మొదట ఆదివారం రాత్రి నిద్ర కాస్త తొందరగా పడుతుంది, సోమవారం పొద్దున లేవడం ఒక పిసరు తేలికవుతుంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్ళు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన దగ్గర 90 నిమిషాలే. మిగతాది ఇంట్లో రోజూ పది నిమిషాలు వేసుకోండి, కుక్కర్ విజిల్ వచ్చేలోపు వంటింట్లోనే చాలు.

రెండు వారాలకు మించి దిగులు, నిద్రలేమి, ఆకలి లేకపోవడం, దేని మీదా ఆసక్తి లేకపోవడం ఉంటే మాత్రం డాన్సు కోసం ఎదురుచూడొద్దు, డాక్టరుని కలవండి. మానసిక సమస్యలకి ఫోన్లో సాయం చేసే టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయొచ్చు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టింది. ఉచితం, పగలూ రాత్రీ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు.

ఇంట్లో ఒక్కదాన్నే యూట్యూబ్ చూసి చేస్తే సరిపోదా?

ఒంటికి సరిపోతుంది. కలిసి చేస్తే ఇంకోటి తోడవుతుంది. 2015లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు బ్రెజిల్‌లో హైస్కూలు పిల్లలతో డాన్సు చేయించి, ముందూ వెనకా చేతికి బీపీ పట్టీ బిగించి నొప్పి ఎంత ఓర్చుకుంటారో చూశారు. ఒకే కదలికని ఒకే తాళంలో చేసినవాళ్ళు ఎక్కువ ఓర్చుకున్నారు, పక్కవాళ్ళ మీద దగ్గరితనమూ పెరిగింది. నాట్లు వేసేటప్పుడు పాట ఎందుకు కట్టారో మన కూలి తల్లులకి పట్టీ బిగించకుండానే తెలుసు.

నా పక్కన ఆడే అక్క "చచ్చిపోవాలని ఉంది, ఎవరికీ చెప్పొద్దు" అంది. ఏం చేయను?

చెప్పండి. ఈ ఒక్క రహస్యం దాచకూడదు. ఆమెని ఒంటరిగా వదలొద్దు. "చనిపోవాలని ఆలోచిస్తున్నావా, ఎట్లా అనుకున్నావు?" అని సూటిగా అడగండి. అడిగితే ఆలోచన పుడుతుందనేది అపోహ. పురుగుమందు, మాత్రలు అందుబాటులో లేకుండా చూడండి. ఆమె పక్కనే కూర్చుని 14416కి ఫోన్ చేయండి. ప్రాణం మీదికి వచ్చేట్టు ఉంటే 108. తర్వాత నాకో, మా బృందంలో పెద్దవాళ్ళకో చెప్పండి. మీరొక్కరే మోయొద్దు.

స్టేజీ ప్రోగ్రాములు ఇస్తారా? మా ఫంక్షన్‌కి పిలవొచ్చా?

ఇవ్వం. ఒక్కసారి ఒప్పుకున్నాం. నిర్వాహకులు రిహార్సల్ చూసి, "బాగా చేసేవాళ్ళని ముందు పెట్టండమ్మా, కుర్చీలవాళ్ళు చివర ఉంటే నిండుగా ఉంటుంది" అన్నారు. నేనూ తలాడించాను, అది నా తప్పే. ఆ రాత్రి ఇంటికి పోయేటప్పుడు ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. తర్వాతి ఆదివారం ముగ్గురు రాలేదు. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి క్షమాపణ చెప్పి తీసుకొచ్చాం.

## మీ ఊళ్ళో మొదలుపెట్టాలంటే

ఎంతమంది కావాలి? ఎప్పుడు మొదలుపెట్టాలి?

ఎనిమిది మంది చాలు. మన నెల్లూరు, ప్రకాశం వైపు కోలాటం బృందం లేని మండలం అరుదు. కొత్తగా కట్టే బదులు వాళ్ళని అడిగి, వారానికి ఒక సాయంత్రం "పోటీకి కాదు, అందరికీ" అని తెరవమనండి. మే నెలలో వద్దు, ఆరు దాటినా గోడలు సెగలు కక్కుతుంటాయి. నవంబరులో వద్దు, తుఫాను వానలకి రెండు వారాలు పోతే జనం జారిపోతారు. పొగాకు ఊళ్ళలో సంక్రాంతి దాటితే ఆకు కాల్చే బ్యారన్ పనులు, గ్రేడింగులు. అక్కడ ఆగస్టు మేలు.

మగవాళ్ళు రావడం లేదు. ఎట్లా రప్పించాలి?

డాన్సుకి రమ్మంటే రారు. చెక్కభజనకి రమ్మనండి. మా దగ్గర మొదటి మగమనిషి కుర్చీలు సర్దడానికి వచ్చాడు. సర్దాడు, గుమ్మంలో నిలబడ్డాడు, మూడోవారం చెక్కలు అందుకున్నాడు. ఆక్వా చెరువుల్లో నష్టపోయి ఇంట్లో మాట్లాడటం మానేసిన మనిషి అని తర్వాత ఎప్పుడో వాళ్ళావిడ చెప్పింది. ఇప్పుడూ పెద్దగా మాట్లాడడు. కుర్చీలు మాత్రం ఎవరినీ సర్దనివ్వడు.

మీ దగ్గర పాత కోలలు ఉంటే ఇస్తారా?

పన్నెండు జతలు ఉన్నాయి, వచ్చి తీసుకెళ్ళండి. రెండు జతలకి చివర పగుళ్ళు ఉంటే ఇన్సులేషన్ టేపు చుట్టాం. పిల్లల చేతికి అవి ఇవ్వొద్దు, పేడు లేస్తుంది.